సరిహద్దు పోస్టుకు చేరే ప్రతి లీటరు: సైన్యం ఇంధనం, మారుతున్న వాతావరణం

లద్దాఖ్‌లో సైన్యానికి చలికాలం పని మే నెలలోనే మొదలవుతుంది. జోజి లా, బారాలాచా లా కనుమల్లో మంచు తీసి రోడ్లు తెరవగానే లారీలు బారులు తీరతాయి. నవంబరులో దారులు మళ్లీ మూసుకుపోయేలోగా ఆరు నెలలకు సరిపడా బియ్యం, పప్పులు, మందుగుండు, చలిబట్టలు, డీజిల్, కిరోసిన్ అన్నీ పైకి చేరాలి. తిండి తగ్గించలేం, తూటాలు తగ్గించలేం. బుద్ధి పెడితే తగ్గించగలిగింది ఇంధనమే.

సైన్యం, వాతావరణ మార్పు అనగానే చర్చ కర్బన ఉద్గారాల వైపు వెళ్తుంది. అది న్యాయమైన చర్చే. ప్రపంచ ఉద్గారాల్లో సైన్యాల వాటా 5.5 శాతం దాకా ఉండొచ్చని 2022లో ఒక అంచనా వచ్చింది. 1997 క్యోటో ఒప్పందం సైనిక ఉద్గారాల్లో చాలా భాగాన్ని లెక్కలోంచి తప్పించింది. 2015 పారిస్ ఒప్పందం తర్వాత కూడా వాటిని చెప్పడం, చెప్పకపోవడం ఆయా దేశాల ఇష్టమే. కానీ సరిహద్దు పోస్టులో ఉన్న కంపెనీ కమాండర్‌కు ఈ లెక్కతో పని లేదు. ఆయనకు కావలసిన లెక్క వేరు: ఈ లీటరు ఇక్కడిదాకా రావడానికి ఎన్ని లీటర్లు కాలాయి, ఎంతమంది ప్రాణాలు పణంగా పెట్టారు?

2007లో అఫ్ఘానిస్థాన్‌లో అమెరికా సైన్యపు ఇంధన కాన్వాయ్‌లను లెక్కగడితే, సగటున ప్రతి 24 కాన్వాయ్‌లకు ఒకరు చనిపోవడమో గాయపడటమో జరిగిందని తేలింది. మన దగ్గర శత్రువు కాల్చకపోయినా కొండచరియ, హిమపాతం, నల్లమంచు (కంటికి కనపడని పలుచటి గడ్డ) పట్టిన రోడ్డు ఉన్నాయి. లారీ ఆగిపోయిన చోటు నుంచి కంచరగాడిదలు, పోర్టర్లు, అవీ పోలేని చోటికి హెలికాప్టర్. 20 లీటర్ల జెర్రీకేన్‌లో కిరోసిన్ 16 కిలోలు తూగుతుంది. సియాచిన్ లాంటి ఎత్తుల్లో చీతా హెలికాప్టర్ ఒక్కో విడతలో మోయగలిగేది కొన్ని పదుల కిలోలే. అది గంట ఎగిరితే నూరు లీటర్లకు పైగా తాగుతుంది. అంటే చివరి మజిలీలో, చేరే ఇంధనం కన్నా చేర్చడానికి కాలే ఇంధనమే ఎక్కువయ్యే సందర్భాలున్నాయి. అలాంటి పోస్టులో ఒక లీటరు ఆదా అయితే కింద మూడు నాలుగు లీటర్లు ఆదా అయినట్టే.

అందుకే సోలార్ ప్యానెళ్ల దగ్గర మొదలుపెట్టడం తప్పు. ముందు చూడాల్సింది గోడలు.

వేడి ఎక్కడ కారిపోతోంది

ఎత్తైన పోస్టులో కాలే ఇంధనంలో సింహభాగం వేడి కోసమే. దీపాలు, రేడియోలు, కెమెరాలు తినేది దానితో పోలిస్తే కొద్దిపాటి. ఒక లెక్క వేద్దాం. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న షెడ్డు. పది మంది పడుకుంటారు. నేల, పైకప్పు, గోడలు కలిపితే 81 చదరపు మీటర్లు. బయట మైనస్ 25, లోపల 18 డిగ్రీలు కావాలి. తేడా 43 డిగ్రీలు.

ఆ షెడ్డు ఒట్టి రేకుదైతే ప్రతి చదరపు మీటరు నుంచి, ప్రతి డిగ్రీ తేడాకు, 5.5 వాట్ల చొప్పున వేడి పోతుంది. మొత్తం 19 కిలోవాట్లు. లీటరు కిరోసిన్‌లో సుమారు 10 యూనిట్ల (కిలోవాట్-గంటల) శక్తి ఉంటుంది. మామూలు బుఖారీ, అంటే గది వేడెక్కించే కిరోసిన్ పొయ్యి, అందులో సగం పొగగొట్టం గుండా పైకి పంపేస్తుంది. అంటే గంటకు దాదాపు 4 లీటర్లు, రోజుకు 90 లీటర్లు కాల్చాలి. అంత కిరోసిన్ ఏ పోస్టుకూ దొరకదు కాబట్టి జవాన్లు చలిలో వణుకుతూ పడుకుంటారు.

అదే షెడ్డుకు 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (లోపల నురుగు నింపిన పలకలు) వేసి, అతుకులన్నీ సరిగా మూస్తే నష్టం చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు 0.35 వాట్లకు దిగుతుంది. గోడల ద్వారా పోయేది 1.2 కిలోవాట్లు. ఊపిరికి కావలసిన తాజా గాలిని వేడెక్కించడానికి మరో 1.7. పది మంది ఒంటి వేడి 0.8 కిలోవాట్ల దాకా తిరిగి ఇస్తుంది. మిగిలింది 2 కిలోవాట్ల చిల్లర, అంటే రోజుకు 10, 11 లీటర్ల కిరోసిన్. తొంభై ఎక్కడ, పదకొండు ఎక్కడ! ఒక్క సోలార్ ప్యానెల్ బిగించకుండానే ఇంత మార్పు.

ఇక్కడే ప్రాణాంతకమైన పొరపాటు కూడా జరుగుతుంది. వేడి పోకూడదని కిటికీ సందులు, గాలి రంధ్రాలు గుడ్డలతో కుక్కేస్తారు. ఎత్తులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి బుఖారీ మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే మనిషి పోతాడు. గోడలకు ఇన్సులేషన్ వేసిన ప్రతి షెడ్డులో మంటకు కావలసిన గాలి బయటి నుంచి నేరుగా స్టవ్‌లోకే వచ్చేలా విడిగా గొట్టం ఉండాలి, దిండు ఎత్తులో మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ రెండూ లేకుండా ఇన్సులేషన్ వేయడం కన్నా వేయకపోవడమే మేలు.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవో రూపొందించిన హిమ్‌తాపక్ హీటర్ ఈ సమస్య నుంచే పుట్టింది. తక్కువ కిరోసిన్‌తో, విషవాయువు లేకుండా గది వేడెక్కించడం దాని లక్ష్యం. దానికి సైన్యం 420 కోట్ల రూపాయలకు పైగా ఆర్డరు ఇచ్చినట్టు 2021 జనవరిలో ప్రకటించారు. మరుసటి నెలలో లద్దాఖ్ ఇంజినీర్ సోనమ్ వాంగ్‌చుక్ ఇంకో దారి చూపించారు: దక్షిణం వైపు ఎండను పట్టే అర, దాని వెనక పడకగది, మధ్యలో పగటి వేడిని దాచుకుని రాత్రి వదిలే గోడ. రాత్రి పది గంటలకు బయట మైనస్ 14, లోపల ప్లస్ 15 అని ఆయన చెప్పిన లెక్క. విడివిడి భాగాలు ఒక్కొక్కటి 30 కిలోల లోపే, పోర్టర్ మోయగలిగినంత. నా దృష్టిలో ఆ డిజైన్‌లో అసలు తెలివి ఈ 30 కిలోల హద్దే.

జనరేటర్ రాత్రంతా ఎందుకు మోగుతోంది

గోడల తర్వాత జనరేటర్. 25 కేవీఏ సెట్టు అంటే 20 కిలోవాట్లు. లద్దాఖ్ సరిహద్దులోని చుషుల్ లాంటి 4,400 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో మూడింట రెండు వంతులకు లోపే. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ అక్కడ 12, 13 కిలోవాట్లకు మించి ఇవ్వదు. ఇది తెలుసు కాబట్టి పెద్ద సెట్టే తెస్తారు. ఆ తర్వాత దాని మీద 5 కిలోవాట్ల భారం పెట్టి 24 గంటలూ నడుపుతారు.

అలా తక్కువ భారం మీద నడిచే సెట్టు గంటకు సుమారు 2.3 లీటర్లు తాగుతుంది. యూనిట్‌కు 0.46 లీటరు. నిండు భారం మీదైతే యూనిట్‌కు 0.3 లీటరు చాలు. పైగా తక్కువ భారంలో సిలిండర్లు వేడెక్కవు. కాలని డీజిల్ సైలెన్సర్‌లో తడి మసిగా పేరుకుంటుంది, ఇంజెక్టర్ల మీద గట్టిపడుతుంది. ఆరు నెలలకే సెట్టు నల్లటి పొగ కక్కడం మొదలుపెడుతుంది. కిందికి దించి బాగుచేయడానికి దారి మూసుకుపోయి ఉంటుంది.

మందు సులువైనదే. మధ్యలో ఒక బ్యాటరీ. రోజు అవసరం 120 యూనిట్లు. బ్యాటరీలో పోయే నష్టం కలిపితే 130. జనరేటర్‌ను 12 కిలోవాట్ల దగ్గర నిండుగా 11 గంటలు నడిపి ఆపేస్తే సరిపోతుంది. రోజుకు 55 లీటర్లు తాగేది సుమారు 40కి దిగుతుంది. 250 గంటలకొకసారి మార్చాల్సిన ఇంజిన్ ఆయిల్ పది రోజులకు బదులు మూడు వారాలు నిలుస్తుంది. రాత్రంతా నిశ్శబ్దం. శత్రువు చెవికి, వేడిని పసిగట్టే కెమెరాకు దొరక్కుండా ఉండటం కూడా ఇంధన పొదుపులోంచే వచ్చే లాభం.

దీనికి 20 కిలోవాట్ల సోలార్ కలిపితే, చలికాలపు ఎండలో కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున 80 యూనిట్లు వస్తాయి. డీజిల్ 15 లీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. మబ్బు పట్టిన వారంలో మళ్లీ 40కి పెరుగుతుంది, కాబట్టి నిల్వ లెక్క ఆ వారానికే వేయాలి, సగటుకు కాదు.

మైదానంలో పనిచేసిన సోలార్ డిజైన్‌ను యథాతథంగా పైకి తీసుకెళ్తే రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది వోల్టేజి. చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి 0.28 శాతం దాకా. 50 వోల్టుల ప్యానెళ్లు 20 వరసగా కలిపితే 25 డిగ్రీల దగ్గర 1,000 వోల్టులు. మైనస్ 30 ఉన్న తెల్లవారుజామున తొలి కిరణం పడగానే, ఇంకా భారం ఎక్కకముందే, అదే వరస 1,150 దాటుతుంది. ఇన్వర్టర్ హద్దు 1,100 అయితే అది కాలిపోతుంది. 18 ప్యానెళ్ల దగ్గర ఆపితే 1,040, క్షేమం. రెండోది బ్యాటరీ. లిథియం బ్యాటరీని సున్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుపోయి శాశ్వతంగా పాడవుతుంది. సీసం బ్యాటరీ పాడవదు గానీ మైనస్ 20లో దాని సత్తువ సగానికి వస్తుంది. బ్యాటరీ పెట్టెకు కూడా జవాన్ల గదికి వేసినట్టే ఇన్సులేషన్ వేసి, తన శక్తితో తనను వెచ్చగా ఉంచుకునే చిన్న హీటర్ పెట్టాలి. ఇక ప్యానెళ్ల వాలు: 34 డిగ్రీల అక్షాంశంలో చలికాలానికి 50 డిగ్రీల వాలు పెడితే ఎండా బాగా పడుతుంది, మంచూ జారిపోతుంది.

ఉత్తర సిక్కింలో 16,000 అడుగుల ఎత్తున 2021లో సైన్యం ప్రారంభించిన 56 కేవీఏ సోలార్ కేంద్రంలో లిథియం బదులు వెనేడియం బ్యాటరీ వాడారు. ఐఐటీ బొంబాయి సాయంతో కట్టారు. అందులో శక్తి ట్యాంకుల్లోని ద్రవంలో నిల్వ ఉంటుంది. నిల్వ పెంచాలంటే ట్యాంకు పెంచితే చాలు.

హైడ్రోజన్ ఎందుకు?

చుషుల్‌లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ సౌర హైడ్రోజన్ మైక్రోగ్రిడ్‌కు (సొంతంగా నడిచే చిన్న విద్యుత్ వ్యవస్థకు) 2024లో శంకుస్థాపన జరిగింది. ఏడాది పొడవునా, రాత్రీ పగలూ 200 కిలోవాట్లు ఇవ్వాలన్నది లక్ష్యం. పగటి సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి దాచిపెట్టి, రాత్రి ఫ్యుయెల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మారుస్తారు.

ఈ దారిలో నష్టం ఎక్కువ. విడగొట్టేటప్పుడు మూడో వంతు, తిరిగి కలిపేటప్పుడు సగం పోతుంది. 100 యూనిట్లు పెడితే చేతికొచ్చేది 30, 35. బ్యాటరీ అయితే 90 ఇస్తుంది. అయినా హైడ్రోజన్ ఎందుకంటే బ్యాటరీ ఒకటి రెండు రాత్రులకే, ట్యాంకులోని హైడ్రోజన్ వారాలకు. పోయే వేడిని గదులకు మళ్లిస్తే నష్టం కొంత పూడుతుంది కూడా. ఆ వేడిని వాడుకునే ఏర్పాటు లేని హైడ్రోజన్ ప్లాంటు ఆ ఎత్తులో దండగ అనే చెప్పాలి. కిలో హైడ్రోజన్ సుమారు 16 యూనిట్లు ఇస్తుందనుకుంటే, 200 కిలోవాట్ల చొప్పున 16 గంటలకు 200 కిలోలు కావాలి. దాని వెనక రోజూ రెండు టన్నుల శుద్ధమైన నీరు, మైనస్ 30లో గడ్డకట్టని పైపులు ఉండాలి. యంత్రం బాగానే ఉన్నా, నీటి పైపు పగిలితే ఇలాంటి ప్లాంటు ఆగిపోతుంది.

మార్చలేనివి, ఇప్పుడే మార్చకూడనివి

టీ-90 ట్యాంకు డ్రమ్ములతో కలిపి 1,600 లీటర్ల డీజిల్ మోస్తుంది. అంత పని బ్యాటరీతో చేయించాలంటే 35 నుంచి 40 టన్నుల బ్యాటరీ కావాలి. ట్యాంకు బరువే 46 టన్నులు. కాబట్టి ఎలక్ట్రిక్ ట్యాంకు మాట పక్కన పెట్టి, ఆగి ఉన్న ట్యాంకు సంగతి చూడాలి. చీకట్లో చూపించే నైట్ సైట్, రేడియో నడవడానికి 1,000 హార్స్‌పవర్ ఇంజిన్‌ను గంటలకొద్దీ ఊరికే తిప్పడం పెద్ద దుబారా. ఆ పనికి చిన్న సహాయక జనరేటర్ చాలు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 పదాతి పోరాట శకటాలకూ ఇదే వర్తిస్తుంది.

విమానాలకు ద్రవ ఇంధనం తప్పదు. అక్కడ మార్పు ఇంధనం లోపలే. అడవి ఆముదం గింజల నూనె నుంచి డెహ్రాడూన్ ప్రయోగశాల తయారుచేసిన బయోజెట్‌ను 10 శాతం కలిపి వాయుసేన రవాణా విమానం ఏఎన్-32ను 2018 డిసెంబరులో ఎగరేసింది. 2020 జనవరిలో రెండు ఇంజిన్లలోనూ అదే మిశ్రమంతో లేహ్ నుంచి ఎగిరింది. ఎత్తు, చలి రెండూ పరీక్ష పెట్టే చోటు అది. మామూలు డీజిల్ సంగతీ అంతే. చలికి అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. మైనస్ 33 దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌కు తెచ్చింది.

బ్యాటరీ వాహనాలు శాంతి ప్రాంతాల్లోని, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే దళాలకు సరిగ్గా సరిపోతాయి. రోజూ అదే దారి, తక్కువ దూరం, రాత్రికి అదే షెడ్డు. ఎంపిక చేసిన శాంతి ప్రాంత దళాల్లో 25 శాతం తేలికపాటి వాహనాలు, 38 శాతం బస్సులు, 49 శాతం మోటారు సైకిళ్లు మార్చాలని సైన్యం 2022లో నిర్ణయించింది.

వాతావరణం శిబిరం మీదికే వస్తే

2023 అక్టోబరు 4. సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు గట్టు తెగింది. హైదరాబాద్‌లోని ఇస్రో విభాగం ఎన్ఆర్ఎస్సీ ఉపగ్రహ చిత్రాల్లో సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4కి 60.3 హెక్టార్లకు కుంచించుకుపోయింది. ఆ నీరంతా తీస్తా నదిలోకి దూకింది. బర్దాంగ్ దగ్గర నది పక్కన నిలిపి ఉంచిన 41 సైనిక వాహనాలు బురదలో మునిగాయి, 23 మంది జవాన్లు గల్లంతయ్యారు, వారిలో ఒకరిని మాత్రం ప్రాణాలతో కాపాడగలిగారు. కొట్టుకుపోయిన మందుగుండు పశ్చిమ బెంగాల్ దాకా వెళ్లింది. జల్పాయ్‌గురి జిల్లాలో నదిలో దొరికిన మోర్టార్ గుండు పేలి ప్రాణాలు పోయాయి. 2025 ఆగస్టు 5న ఉత్తరాఖండ్‌లోని హర్సిల్‌లో మళ్లీ వరద సైనిక శిబిరం మీద పడింది.

కొండల్లో చదునైన నేల నది ఒడ్డునే దొరుకుతుంది, అందుకే లారీలు అక్కడే నిలుపుతారు. ఆ చదును పూర్వపు వరదలు తెచ్చి పోసిన మేటే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. పైన ఏ సరస్సు ఉంది, తెగితే నీరు ఎన్ని గంటల్లో ఇక్కడికొస్తుంది, రాత్రి సైరన్ మోగితే ఏ మెట్టు మీదికి ఎక్కాలి అన్నవి ప్రతి శిబిరం గేటు దగ్గర బోర్డు మీద ఉండాల్సిన విషయాలు. మందుగుండు మాత్రం ఒక్క రాత్రికైనా ఆ చదునులో ఉంచకూడదు.

వేడి ఇంకో రకంగా దెబ్బకొడుతుంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. సున్నా డిగ్రీల దగ్గర అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంలో 70 శాతం. 30 డిగ్రీలకు చేరితే 64 శాతమే. రెక్కకు పైకి లేపే బలం, ఇంజిన్‌కు ఊపిరి రెండూ తగ్గుతాయి. 2024 జులై చివర్లో వేడి వల్ల అక్కడ రోజుల తరబడి విమానాలు రద్దయ్యాయి. సైనిక రవాణా విమానం, హెలికాప్టర్ కూడా అదే గాలిలో ఎగరాలి. అంటే మే నుంచి నవంబరు దాకా సాగే నిల్వల లెక్కలో, జులై మధ్యాహ్నం ఒక్కో విడతకు ఎన్ని కిలోలు తగ్గించాలో ఇకమీదట ముందే రాసిపెట్టుకోవాలి. హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ తవ్వుతున్న 13 కిలోమీటర్లకు పైగా పొడవైన జోజి లా సొరంగం పూర్తయితే ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది. రోడ్డు చలికాలంలోనూ తెరిచి ఉంటే విమానాల మీద అంతగా ఆధారపడనక్కర్లేదు.

మందుగుండు డిపోలదీ ఇదే సమస్య. గుండును తోసే మందు దానంతటదే చెడిపోకుండా అందులో కలిపే స్టెబిలైజర్ వేడికి త్వరగా అరిగిపోతుంది, స్థూలంగా పది డిగ్రీలకు రెట్టింపు వేగంతో. పాత సగటు ఉష్ణోగ్రతల మీద రాసిన నిల్వ కాలాలను కొత్త వేసవులకు సరిచూసుకోవాలి.

విశాఖ అనుభవం మనకు దగ్గరది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తూర్పు నౌకాదళ కేంద్రం మీదుగానే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్లకు పైనే. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాను పంచుకునే పౌర విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, రోజుల తరబడి మూతపడింది. తుపాను వస్తుంటే యుద్ధనౌకలను సముద్రంలోకి పంపేయడం నౌకాదళాల పాత పద్ధతి. రేవును, హ్యాంగర్‌ను పంపలేం కదా. భారతీయ ప్రమాణాల్లో విశాఖకు నిర్మాణ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే సరిగ్గా 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి. గాలి పది శాతం పెరిగితే ఒత్తిడి 21 శాతం పెరుగుతుంది. రెండున్నర చదరపు మీటర్ల సోలార్ ప్యానెల్‌ను నాలుగు బోల్టులు పట్టుకోవాల్సిన బలం ఇది.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ప్లాంటు, గ్రిడ్ పోగానే తనంతట తాను ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే కార్మికుడికి షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది. తుపాను మర్నాడు ఎండ కాస్తున్నా, పైకప్పు మీద ప్యానెళ్లు చెక్కుచెదరకున్నా, ఆపరేషన్స్ గదిలో చీకటే. స్థావరాన్ని గ్రిడ్ నుంచి విడదీసే స్విచ్, సొంతంగా నడిచే ఇన్వర్టర్, కనీసం నాలుగు గంటల బ్యాటరీ ఉంటేనే సోలార్ అత్యవసరంలో పనికొస్తుంది. కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో 2020లో 3 మెగావాట్ల సోలార్, ముంబయి దగ్గరి కరంజా నౌకాదళ స్థావరంలో 2 మెగావాట్లు వచ్చాయి. విశాఖకు దక్షిణాన రాంబిల్లి దగ్గర కడుతున్న కొత్త నౌకాదళ స్థావరంలో ఈ స్విచ్ మొదటి రోజు నుంచే ఉండటం, తర్వాత తవ్వి పెట్టడం కన్నా ఎంతో చవక.

కొలవందే తెలియదు

ఇంతా చేసి, ఫలితం తేలాలంటే మీటరు ఉండాలి. డీజిల్ ఇచ్చింది ఎంత అన్నది ప్రతి స్టోర్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఏ సెట్టు ఎంత తాగి ఎన్ని యూనిట్లు ఇచ్చింది అన్నదే ఉండదు. జనరేటర్‌కు ఇంధన మీటరు, యూనిట్ మీటరు, గంటల మీటరు, ఈ మూడూ పెట్టి వారానికోసారి రాస్తే యూనిట్‌కు లీటర్లు తెలిసిపోతాయి. 0.35 దాటితే భారం తక్కువగా ఉందనో, ఇంజెక్టర్ పోయిందనో అర్థం.

కేటాయింపు పద్ధతి కూడా మారాలి. ఈ ఏడు పొదుపు చేసిన దళానికి వచ్చే ఏడు కోటా కోస్తే ఎవరూ పొదుపు చేయరు. మిగిలిన దాంట్లో సగం విలువను ఆ దళానికే ఇన్సులేషన్ రూపంలో తిరిగి ఇస్తే లెక్క వేరుగా ఉంటుంది. పోస్టులో దళం మారినప్పుడు ఆయుధాలు అప్పగించినట్టే బ్యాటరీ గది కూడా అప్పగించాలి: ఎన్ని సెల్స్ బాగున్నాయి, ఇన్వర్టర్ చివరిసారి ఏ లోపం చూపించింది, విడి ఫ్యూజులు ఏ అరలో ఉన్నాయి, మంచు గీరడానికి వాడేది రబ్బరు అంచు గీకుడు కర్రేనా, లేక ప్యానెల్ అద్దాన్ని గీరేసే ఇనుప పారా?